రెండో తరగతి పాపకు ఇంట్లో విడిగా పాఠాలు చెప్పించడం మంచిదేనా?

హన్మకొండ_అమ్మ:
మా పాపకు ఏడేళ్లు నిండాయి, ఇంగ్లిష్ మీడియం బడిలో రెండో తరగతి చదువుతోంది. మాటకారి పిల్ల, విన్న కథను తిరిగి చెప్పమంటే తన సొంత పాత్రలను కూడా చేర్చి చెబుతుంది. చదవడం మాత్రం ముందుకు సాగడం లేదు. తెలుగు అక్షరాలన్నీ వరుసగా అప్పజెబుతుంది కానీ, మధ్యలో ఒక అక్షరాన్ని చూపించి అడిగితే ‘అ’ దగ్గర మొదలుపెట్టి, లోలోపల వల్లించుకుంటూ అక్కడికి చేరాక గానీ చెప్పలేదు. గుణింతపు గుర్తు కనిపిస్తే ఆగిపోతుంది. ఇంగ్లిష్ పాఠం మొత్తం నోటికి వచ్చు, అయినా ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే చెప్పలేదు. కూడికలు వేళ్ల మీద చేస్తుంది, పది దాటితే తడబడుతుంది.

బడిలో టీచరు ట్యూషన్ పెట్టించమన్నారు. వీధి చివరి ట్యూషన్‌కు కొన్ని నెలలు పంపాము. అక్కడ ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. హోంవర్క్ పూర్తవుతుంది, పాప చదువు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇప్పుడు మా కాలనీలోనే డీఎడ్ చేసిన ఒక అమ్మాయి సాయంత్రాలు ఇంటికి వచ్చి పాప ఒక్కదానికే చెబుతానంటోంది. చిన్న పిల్లకు ప్రత్యేకంగా టీచరు ఎందుకు, ఆడుకోనివ్వమని మావారు అంటున్నారు. ఈ వయసులో ఒక్కరినే కూర్చోబెట్టి చెప్పడం వల్ల నిజంగా మేలు జరుగుతుందా? జరిగితే రోజూ ఎంతసేపు, ఏ భాషతో మొదలుపెట్టాలి?

గోదారిగట్టు:
మీవారి మాటే నాకు సబబుగా తోస్తోంది. ఏడేళ్ల పిల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా బడిలో కూర్చుని వస్తుంది, ఆ పైన మళ్లీ ఇంకొకరి ముందు కూర్చోబెడతారా? రెండో తరగతి వరకు హోంవర్క్ ఇవ్వకూడదని 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ విధానమే చెబుతోంది. చదవడం నేర్పడం బడి చేయవలసిన పని. నెలనెలా ఫీజు తీసుకుంటూ ట్యూషన్ పెట్టించమని చెప్పే బడిని ముందుగా నిలదీయాలి.

పాలమూరు_ఎస్జీటీ:
గోదారిగట్టు గారు చెప్పినది న్యాయమే, కానీ బడిని నిలదీసి సమాధానం రాబట్టేలోపు పాప మూడో తరగతికి వెళ్లిపోతుంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలందరికీ చదవడం, రాయడం, ప్రాథమిక లెక్కలు వచ్చి తీరాలన్నదే 2021లో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. ఆ తర్వాతి తరగతుల పుస్తకాలన్నీ పిల్లకు చదవడం వచ్చిందన్న నమ్మకంతోనే రాసినవి.

నేను రెండు తరగతులను ఒకే గదిలో బోధిస్తాను. మీరు చెప్పిన లక్షణాలున్న పిల్లలు ప్రతి సంవత్సరం నా దగ్గర ఉంటారు. మీ పాపకు వర్ణమాల పాటలా వచ్చింది, ఆకారానికీ ధ్వనికీ మధ్య ముడి మాత్రం పడలేదు. అందుకే ప్రతిసారీ మొదటి నుంచి రావలసి వస్తోంది. ట్యూషన్ సంగతి తేల్చుకునే ముందు పాప ఎక్కడ ఉందో చూడండి. 2005 నుంచి పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే వాళ్లు ఇంటింటికీ వెళ్లి, ఒక్కొక్క పిల్లనూ పక్కన కూర్చోబెట్టుకుని చూసే పద్ధతి ఇంట్లో కూడా పనికొస్తుంది: విడి అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఎక్కడ ఆగితే పాఠం అక్కడ మొదలవ్వాలి, పాప తరగతి ఏదన్నది దానికి సంబంధించిన విషయం కాదు.

అక్షరాల దగ్గరే ఆగితే, గుణింతం లేని మాటలతో మొదలుపెట్టండి. తల, వల, కల, పలక, గడప, అరక, నగ. ఓ పది అక్షరాలు వస్తే చాలు, ఎన్ని మాటలు చదవవచ్చో చూసి పిల్లలే ఆశ్చర్యపోతారు. ఆ తర్వాత గుణింతాన్ని అడ్డంగా కాకుండా నిలువుగా చెప్పండి. అంటే ‘క’ ఒక్కదానికే తలకట్టు నుంచి విసర్గ దాకా అన్నీ ఒకేసారి వల్లింపజేయకుండా, దీర్ఘం ఒక్కటే తీసుకుని దాన్ని తెలిసిన అక్షరాలన్నిటికీ పెట్టి చూపించండి: కా, గా, తా, మా, పా. వెంటనే ‘తాత’, ‘మామ’, ‘పాప’ వచ్చేస్తాయి. ఆ గుర్తు గట్టిపడ్డాక గుడి, ఆ తర్వాత కొమ్ము. గుర్తు చేసే పని ఏమిటో పిల్లకు అర్థమైతే, ఎన్నడూ చూడని మాటను కూడా తనంతట తానే చదువుతుంది.

ఒత్తుల గురించి కూడా చెప్పి ఆపుతాను. చాలా ఒత్తులు అసలు అక్షరం తలకట్టు తీసినట్టే ఉంటాయి కాబట్టి పెద్దగా ఇబ్బంది పెట్టవు. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలిక కనిపించదు, పిల్లలు అక్కడే చిక్కుకుంటారు. కానీ ఇంట్లోని మాటలన్నీ అవే కదా: అత్త, అన్న, అమ్మ, తాతయ్య, బర్రె, పిల్లి. ముందుగా వాటినే చెప్పండి.

చదువరి_రాజమండ్రి:
విడిగా చెప్పడం వల్ల మేలు ఉందా అన్న ప్రశ్నకు 1984లోనే సమాధానం దొరికింది. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన బెంజమిన్ బ్లూమ్, ఒక్కొక్కరికి విడిగా బోధన అందితే సగటు విద్యార్థి కూడా మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించిపోతాడని రాశాడు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

అంకెలవేట:
ఆ మాట చాలామంది ఉదహరిస్తారు, కానీ బ్లూమ్ ఆధారపడిన ప్రయోగాలు నాలుగు, ఐదు, ఎనిమిదో తరగతుల పిల్లలపై జరిగినవి. పైగా ఆ పిల్లలకు విడిగా బోధించడంతో పాటు, ప్రతి భాగమూ పూర్తిగా వచ్చేదాకా పరీక్షించి సరిదిద్దే పద్ధతిని కూడా అమలు చేశారు. అందువల్ల ఫలితంలో ఏది ఎంత అన్నది విడదీయడం కష్టం. 2011లో కర్ట్ వాన్‌లెన్ అనేక అధ్యయనాలను సమీక్షించి చూస్తే, మనిషి దగ్గర కూర్చుని చెప్పడం వల్ల కలిగే మేలు బ్లూమ్ చెప్పిన 2 ప్రమాణ విచలనాలు (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత, పైన అన్న 98 శాతం లెక్క దీని నుంచి వచ్చినదే) కాక సుమారు 0.79 అని తేలింది. అది కూడా తక్కువేమీ కాదు, అయితే అద్భుతం జరుగుతుందని ఆశించి డబ్బు కట్టేవారికి ఆ తేడా తెలియాలి.

హన్మకొండ గారి పాప వయసుకు దగ్గరి ఉదాహరణ న్యూజిలాండ్‌లో ఉంది. మేరీ క్లే 1970లలో రూపొందించిన కార్యక్రమంలో, బడిలో ఏడాది గడిచినా చదవడం రాని ఆరేళ్ల పిల్లలకు రోజుకు అరగంట చొప్పున, 12 నుంచి 20 వారాల పాటు, దానికోసమే శిక్షణ పొందిన టీచరు విడిగా చెప్పేవారు. బొమ్మను బట్టి, సందర్భాన్ని బట్టి మాటను ఊహించమనే అలవాటును అది పెంచుతుందని తర్వాతి కాలంలో గట్టి విమర్శలు వచ్చాయి, అవి సరైనవేనని నా అభిప్రాయం. కానీ రోజూ, తక్కువసేపు, కొంత గడువు పెట్టుకుని అన్న ఆ చట్రం మాత్రం అనుసరించదగినది.

బెజవాడ_పాఠాలు:
నేను చేసే పని ఇదే. చిన్న తరగతుల పిల్లలకు ఇళ్లకు వెళ్లి ఒక్కొక్కరికీ పాఠాలు చెబుతాను. పాలమూరు గారు చెప్పిన నిలువు గుణింతం పద్ధతితో పిల్లలు త్వరగా అందుకుంటారని నా అనుభవం కూడా.

అయితే ఏ ఇంట్లోనైనా పాఠం మొదలయ్యే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. ఆ సమయం దేనికి? తల్లిదండ్రులు పైకి చదవడం నేర్పమంటారు, వారం తిరిగేసరికి డైరీలోని హోంవర్క్ పూర్తి చేయించలేదేమని అడుగుతారు. చదవడం రాని పిల్లతో నాలుగు గీతల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్ రాయించాలంటే అరగంట పడుతుంది, ఆ అరగంటలో పిల్ల నేర్చుకునేది బొమ్మ గీసినట్టు అక్షరాలను దించడమే. వీధి చివరి ట్యూషన్‌లో జరిగింది అదే కదా. ఆ పనే ఇంట్లో ఒక్కదాన్ని కూర్చోబెట్టి చేయిస్తే ఫీజు పెరుగుతుంది తప్ప మరేమీ మారదు. అందుకే హోంవర్క్ నా పని కాదని నేను ముందే చెబుతాను. కొందరు ఒప్పుకోరు. ఆ ఇళ్లకు నేను వెళ్లను.

నేను ముప్పై ఐదు, నలభై నిమిషాలకు మించి చెప్పను. మొదట నిన్న వచ్చినదాన్నే మళ్లీ చదివిస్తాను, పిల్లకు చేతనైన పనితో మొదలైతే ముఖం విప్పారుతుంది. తర్వాత ఒక్కటంటే ఒక్క కొత్త విషయం. ఆ కొత్త గుర్తుతో నాలుగైదు మాటలు చదవడం, అవే మాటలను నేను పలుకుతుంటే రాయడం. చివరి పది నిమిషాలు నేను కథ చదువుతాను, పిల్ల వింటుంది. ఆ సమయంలో ప్రశ్నలు వేయను.

మీ పాప కథల్లో తన పాత్రలను చేరుస్తుందని రాశారు. ఎంత మంచి ఆధారమో చూడండి. ఆ పిల్ల చెప్పే కథనే రెండు మూడు చిన్న వాక్యాలుగా పెద్ద అక్షరాలతో మీరు రాసి, తనతోనే చదివించండి. ఆ మాటలు తనవి కాబట్టి అర్థం కోసం వెతుక్కోనక్కర్లేదు, దృష్టంతా అక్షరాల మీదే ఉంటుంది. ఆ కాగితాలన్నీ కుట్టి పుస్తకంగా చేస్తే, దాన్ని చుట్టాలందరికీ చదివి వినిపించే దాకా నిద్రపోని పిల్లలను నేను చూశాను. చుట్టాలు కొంచెం ఓపిక పట్టాలి.

గోదారిగట్టు:
బెజవాడ గారు చెప్పిన పనుల్లో తల్లికి చేతకానిది ఒక్కటీ నాకు కనబడలేదు. ఇంత సులభమైతే బయటి మనిషి ఎందుకు?

హన్మకొండ_అమ్మ:
నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడవుతుంది, అప్పటికి పాపకు నిద్ర ముంచుకొస్తుంటుంది. అదొక్కటే కారణం కాదు. నేను పక్కన కూర్చుంటే పాప పుస్తకం కంటే నా ముఖాన్నే ఎక్కువగా చూస్తుంది. తప్పు చెప్పానా అని ప్రతి అక్షరానికీ నా కళ్లలో వెతుక్కుంటుంది. నేను ఏమీ అనకపోయినా ఏదో అన్నట్టే ముడుచుకుపోతుంది. బయటి మనిషి దగ్గర ఈ బరువు ఉండదేమోనని నా ఆశ.

మచిలీపట్నం_పంతులమ్మ:
నువ్వు గమనించినది చాలా విలువైన విషయమమ్మా. ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి చెప్పి విశ్రాంతి తీసుకున్నాను, ఇప్పుడు మనవళ్లకు చెబుతున్నాను. సొంత బిడ్డకు చదువు చెప్పడం కష్టమని అనే తల్లులను తప్పు పట్టనక్కర్లేదు. తల్లి మెప్పు పిల్లకు అన్నంతో సమానం, అది దక్కుతుందా లేదా అన్న భయం ఉన్నచోట అక్షరం తలకెక్కదు.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కొత్తగా వచ్చిన పట్నవాసపు అలవాటని ఎవరైనా అనుకుంటే అది సరికాదు. 1823లో బళ్లారి కలెక్టరుగా ఉన్న ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని దేశీయ బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. తెలుగు, కన్నడ పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతూ నేర్చుకునే తీరు అందులో ఉంది. ఆ వీధి బడుల్లో పిల్లలందరూ ఒకే చోట కూర్చున్నా, ఎవరి పాఠం వారిదే. వచ్చినవాడు ముందుకు వెళ్తాడు, రానివాడు అక్కడే ఉండి మళ్లీ దిద్దుతాడు. ఆ బడుల్లోని బెత్తం దెబ్బలూ, కులాన్ని బట్టి కొందరినే లోపలికి రానిచ్చిన అన్యాయమూ మళ్లీ రాకూడదు. ఎవరి అడుగు వారిదిగా సాగిన ఆ పద్ధతి మాత్రం పోవలసినది కాదు.

పాలమూరు అబ్బాయితో ఒక విషయంలో విభేదిస్తాను. వర్ణమాలను వరుసగా వల్లించడం వృథా అన్నట్టు చెప్పకు నాయనా. క, చ, ట, త, ప వర్గాలు గొంతు నుంచి పెదవుల దాకా పలికే చోటును బట్టి అమర్చినవి. ఆ వరుస నోట పలికిన పిల్లకు ఉచ్చారణ స్పష్టంగా ఉంటుంది, రేపు నిఘంటువు తెరిస్తే దారి తెలుస్తుంది.

పాలమూరు_ఎస్జీటీ:
పంతులమ్మ గారూ, వరుస వృథా అని నేను అనుకోవడం లేదు. మా తరగతిలో కూడా పొద్దున్నే పాటలా పాడిస్తాను. వరుస రావడమే చదవడం రావడమని తల్లిదండ్రులు, కొన్ని చోట్ల మా తోటి టీచర్లు కూడా భావించి, అక్కడితో సంతృప్తి పడటమే నా అభ్యంతరం. ఈ పాప విషయంలో జరిగినది అదే. అక్షరాలు ఎంచుకునేటప్పుడు కూడా నేను వరుసను పాటించను. ప, వ లాంటి దగ్గరి పోలికల అక్షరాలను ఒకే రోజున చెబితే తికమక పెరుగుతుంది, మ, య కూడా అంతే. ఒకటి గట్టిపడ్డాకే రెండోదాన్ని పక్కన పెట్టి తేడా చూపించాలి.

మచిలీపట్నం_పంతులమ్మ:
అది నిజమే, నేనూ అలాగే చెప్పేదాన్ని. గుణింతం వల్లెవేయడం మాత్రం చివరికైనా ఉండాలన్నదే నా పట్టుదల.

లెక్కలనాన్న:
అందరూ చదవడం గురించే రాస్తున్నారు, లెక్కల సంగతి నేను చెబుతాను. ఏడేళ్ల పిల్ల వేళ్ల మీద కూడితే ఆపవద్దు. కంటికి కనబడని సంఖ్యను కంటికి చూపించుకోవడానికి ఆ పిల్లకున్న సాధనం అదే. పది దాటాక తడబడటానికి వేళ్లు అయిపోవడం ఒక కారణమైతే, పది అంటే ఒక కట్ట అన్న భావన ఏర్పడకపోవడం అసలు కారణం.

చీపురు పుల్లలను సమానంగా తుంచి పదేసి రబ్బరు బ్యాండుతో కట్టించండి. ఇరవై మూడు అంటే రెండు కట్టలు, మూడు విడి పుల్లలు. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ‘థర్టీన్’, ‘థర్టీ’ల దగ్గర వినికిడిలోనే పొరబడతారు. అదే తెలుగులో పదమూడు, ముప్పై అంటే ఎవరూ పొరబడరు, ఇరవై ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా పదులు ముందు, ఒకట్లు తర్వాత అన్న క్రమం ఎక్కడా తప్పదు. బడిలో ఏ భాష ఉన్నా, కట్టలు కట్టేటప్పుడు తెలుగులోనే లెక్కపెట్టించమని నా సలహా. చింతపిక్కలతో వామనగుంటలు ఆడితే పంచడం, మిగలడం వస్తాయి. వైకుంఠపాళి వంద దాకా అంకెల వరుసను చూపిస్తుంది. మా ఇంట్లో అష్టాచెమ్మా మొదలైతే కూడికలతో పాటు వాదించడం కూడా బాగా వస్తోంది.

అడిగే ప్రశ్న గురించి కూడా ఒక మాట. ఏడు, ఐదు ఎంత అని అడిగి సమాధానం తప్పయితే ‘కాదు’ అనకుండా, ఎలా లెక్కపెట్టావో చెప్పమనండి. తరగతిలో నలభై మంది ఉన్నప్పుడు ఏ టీచరుకూ ప్రతి పిల్లతో అలా మాట్లాడే తీరిక ఉండదు. విడి పాఠానికి ఉన్న అసలు బలం నా దృష్టిలో ఇదే: పిల్ల తప్పు వెనక ఉన్న ఆలోచనను వినే మనిషి ఒకరు ఎదురుగా ఉంటారు.

కొత్తవలస_కుర్రాడు:
పదహారేళ్ల లోపు పిల్లలకు ట్యూషన్లు చెప్పకూడదని ప్రభుత్వం నిషేధించింది కదా? ఆ డీఎడ్ అమ్మాయికి ఇబ్బంది రాదా?

అంకెలవేట:
మీరు చెబుతున్నవి 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్ల కోసం విడుదల చేసిన మార్గదర్శకాలు. యాభై మందికి పైగా విద్యార్థులున్న కేంద్రాలకే అవి వర్తిస్తాయి, ఇంటికి వచ్చి ఒక్క పిల్లకు చెప్పేవారికి సంబంధం లేదు. విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షన్ మాత్రం బడుల్లో పనిచేస్తున్న ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని స్పష్టంగా అంటుంది. కాబట్టి పాప బడిలోని టీచరునే ఇంటికి రమ్మని అడగవద్దు.

అనంత_వాన:
ఎంత తెలిసిన మనిషైనా సరే, పాఠం ఇంటి హాల్లోనే జరగాలి, తలుపు తీసి ఉండాలి, పెద్దవాళ్లు ఎవరో ఒకరు వినబడే దూరంలో ఉండాలి. చెప్పే అమ్మాయికి కూడా అదే క్షేమం. టీవీ మాత్రం ఆపేయండి.

నెల్లూరు_చూపు:
కంటి పరీక్ష చేయించారా? మా అన్నయ్య కొడుకు బోర్డు మీది మాటలను సగం సగం దించుతుంటే అశ్రద్ధ అనుకున్నారు, కళ్లజోడు వచ్చాక రాత దానంతటదే కుదిరింది. వినికిడి కూడా చూపించండి.

బెజవాడ_పాఠాలు:
నెల్లూరు గారు మంచి విషయం గుర్తుచేశారు. నేను ఇంకొకటి జోడిస్తాను. కొన్ని నెలలు ఓపికగా, సరైన పద్ధతిలో చెప్పినా అక్షరానికీ ధ్వనికీ ముడి పడకపోతే డిస్‌లెక్సియా లాంటి అభ్యసన వైకల్యం ఉందేమో నిపుణులకు చూపించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది. ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు, కానీ సాయం మొదలుపెట్టడానికి ధ్రువపత్రం కోసం ఎదురుచూడనక్కర్లేదు. సరిగా చెప్పి చూడకముందే ఆ ముద్ర వేయడం కూడా తగదు. మీ పాపకు ఇంతవరకు మాటలను విడగొట్టి చదివే పద్ధతిలో ఎవరూ చెప్పినట్టు లేదు.

డాలస్_తెలుగు:
మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. శనాదివారాల్లో జరిగే తెలుగు తరగతికి పంపుతాము. అక్కడ స్నేహితులు దొరికారు, పద్యాలు నేర్చుకున్నాడు, వేదిక ఎక్కే ధైర్యం వచ్చింది. కానీ వారానికి ఒక్కసారి జరిగే తరగతిలో వాడు ఏ ఒత్తు దగ్గర ఆగుతున్నాడో చూసే వీలు టీచరుకు లేదు. అందుకే గుంటూరులో ఉన్న మా నాన్నగారు వారంలో నాలుగు రోజులు వీడియోలో ఇరవై నిమిషాల చొప్పున చెబుతున్నారు. ఇద్దరి దగ్గరా ఒకే పుస్తకం ఉండాలి, కెమెరా ముఖం మీద కాకుండా రాసే చేతి మీద ఉండాలి. ఈ రెండూ కుదిరాకే పాఠం దారిలో పడింది. గుంపు తరగతి, విడి పాఠం ఒకదానికొకటి పోటీ కావని మా అనుభవం.

చదువరి_రాజమండ్రి:
ఖర్చు తగ్గించుకోవడానికి పక్కింటి పిల్లను కూడా కలుపుకుంటే? ఇద్దరైనా దాదాపు విడిగా చెప్పినట్టే కదా.

బెజవాడ_పాఠాలు:
ఇద్దరూ ఒకే చోట ఆగి ఉంటే బాగుంటుంది, ఒకరు చదువుతుంటే ఇంకొకరు విని సరిచేస్తారు. అలా కాక ఒకరికి మాటలు వచ్చి, ఇంకొకరికి అక్షరాలు రాకపోతే వేగమున్న పిల్ల జవాబు చెప్పేస్తుంది, రెండో పిల్ల చెప్పడం మానేస్తుంది. తరగతిలో ఇప్పటికే వెనక కూర్చున్న పిల్లను ఇంట్లో కూడా వెనక కూర్చోబెట్టినట్టవుతుంది. మొదటి కొన్ని నెలలు ఒక్కరికే చెప్పడం మేలు.

కొత్తవలస_కుర్రాడు:
బడిలో పరీక్షలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నప్పుడు ముందుగా తెలుగు చెబితే మార్కులు తగ్గవా?

పాలమూరు_ఎస్జీటీ:
రెండో తరగతి మార్కుల కోసం భయపడవద్దు. తెలుగులో రాసిన గుర్తుకు దాదాపు ఎప్పుడూ ఒకే ధ్వని ఉంటుంది. ఇంగ్లిష్‌లో ‘పుట్’కూ ‘బట్’కూ మధ్యలో ఉన్న అక్షరం ఒకటే, పలికే తీరు మాత్రం వేరు. అర్థం తెలిసిన భాషలో, నిలకడైన లిపిలో చదవడం అంటే ఏమిటో ఒక్కసారి తెలిస్తే, ధ్వనులను కలిపి మాట చేసే ఆ పనిని పిల్ల ఇంగ్లిష్‌లో కూడా చేయగలదు. పైగా తెలంగాణలో 2018 చట్టం ప్రకారం పదో తరగతి దాకా తెలుగు ఎలాగూ చదవాలి.

లెక్కలనాన్న:
ఇక్కడ నేను ఏకీభవించను. అదే సాయంత్రం పది నిమిషాలు ఇంగ్లిష్ ధ్వనులు కూడా ఉండాలి, మౌఖికంగానైనా సరే. బడిలో రోజంతా వినిపించే భాషలో తనకు ఏమీ రాదన్న భావన పిల్లలో పెరగనివ్వకూడదు. ఏడాది తర్వాత మొదలుపెడదామంటే ఆ ఏడాదంతా పిల్ల తరగతిలో చిన్నబోయి కూర్చుంటుంది.

బెజవాడ_పాఠాలు:
నేను మధ్యలో ఎక్కడో ఉన్నాను. తెలుగులో గుర్తు లేని మాటలు ధారాళంగా వచ్చేదాకా ఇంగ్లిష్‌ను మాటల రూపంలోనే ఉంచుతాను, ఆ తర్వాత ‘క్యాట్’, ‘పిన్’ లాంటి మూడక్షరాల మాటలు మొదలుపెడతాను.

హన్మకొండ_అమ్మ:
పాలమూరు గారు చెప్పిన విధంగా ఆదివారం పాపను పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. విడి అక్షరాల్లో చాలావరకు చెప్పింది, కానీ ఒక్కొక్కదానికీ చాలాసేపు పట్టింది. గుణింతం లేని మాటల్లో ‘తల’, ‘వల’ చదివింది. ‘పలక’ చూసి ‘పలుపు’ అంది. గుర్తులున్న మాట ఒక్కటీ రాలేదు. కంటి డాక్టరుకు చూపించాము, చూపు బాగానే ఉంది.

ఆ అమ్మాయితో మాట్లాడాను. హోంవర్క్ చేయించవద్దని చెబితే మొదట ఆశ్చర్యపోయి, తర్వాత సంతోషించింది. వారంలో నాలుగు రోజులు, సాయంత్రం పాప కాసేపు ఆడుకుని పాలు తాగాక అరగంట అనుకున్నాము. మా అత్తగారు హాల్లోనే ఉంటారు. మావారు కూడా దసరా సెలవుల దాకా చూద్దామని ఒప్పుకున్నారు. ‘పలక’ను ‘పలుపు’ అన్నట్టుగా మొదటి అక్షరాలు చూసి మిగతాది ఊహించే అలవాటును ఎలా మాన్పించాలి? రాయడానికి పలక మంచిదా, నోటుబుక్కా?

గోదారిగట్టు:
ఆటను ముందు పెట్టినందుకు నాకు తృప్తిగా ఉంది. బడి వాళ్లను అడగడం మాత్రం మానవద్దు. పాప ఎక్కడ ఆగుతోందో ఇప్పుడు మీ దగ్గర ఆధారం ఉంది కాబట్టి, రెండో తరగతికి వచ్చేదాకా ఇది ఎవరూ ఎందుకు చూడలేదో వచ్చే మీటింగ్‌లో రాతపూర్వకంగా అడగండి.

బెజవాడ_పాఠాలు:
ఊహించినప్పుడు తప్పని చెప్పకుండా, చివరి అక్షరం మీద వేలు పెట్టి అదేమిటో అడగండి. ‘క’ అని తానే చెబుతుంది, అప్పుడు మొత్తం మాటను మళ్లీ చదవమనండి. ‘పలక, పలుకు, పలుపు’ లాంటి మాటలను కార్డుల మీద రాసి కలిపి ఇస్తే చివరిదాకా చూడక తప్పదు, అయితే కొమ్ము గుర్తు నేర్చుకున్నాకే ఆ ఆట ఆడాలి. బొమ్మలున్న పుస్తకమైతే ముందుగా మాట చదివించి, ఆ తర్వాతే బొమ్మ చూపించండి. అంకెలవేట గారు పైన చెప్పిన విమర్శ ఈ అలవాటు గురించే.

మచిలీపట్నం_పంతులమ్మ:
రాతకు మొదట పలకే మంచిదమ్మా. తప్పు పోతే చెరిపేయవచ్చు, నోటుబుక్కులో ఎర్రసిరా గీతలు మిగులుతాయి. పెద్ద పలక, కొంచెం లావైన బలపం కొను, సన్నటివి ఊరికే విరిగిపోతాయి. అక్షరం ఎక్కడ మొదలై ఏ దిక్కుకు తిరుగుతుందో ఆ అమ్మాయి రాస్తుండగా పాప చూడాలి, రాసేసిన అక్షరాన్ని ఇచ్చి దిద్దించడం కాదు. అక్షరం ఒకే పరిమాణంలో కుదిరాక నోటుబుక్కు ఇవ్వవచ్చు.